స్టీరింగ్ పట్టుకున్నవారిదేనా కారు?

కార్ల వారంటీ గురించి స్త్రీల పత్రికలో రాయడమేమిటని కొందరు అడగవచ్చు. కుక్కరు గురించో మిక్సీ గురించో రాస్తే ఈ ప్రశ్న రాదు. మా ఓడలరేవులోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఇళ్ళ ముందు నిలబడి ఉన్న కార్లలో కొన్ని, ఆడవాళ్ళు కువైట్‌లోనూ మస్కట్‌లోనూ పరాయి ఇళ్ళలో అంట్లు తోమి, పిల్లల్ని పెంచి కూడబెట్టిన డబ్బుతో కొన్నవి. నేనెరిగినంతలో వాటి ఆర్.సి.ల మీద ఉన్న పేర్లు మాత్రం మగవాళ్ళవే. బండి బాగున్నన్నాళ్ళూ ఈ తేడా ఎవరికీ పట్టదు. బండి పాడై, షోరూమువాళ్ళు వారంటీ వర్తించదన్నప్పుడు అసలు సంగతి బయటపడుతుంది.

మా చిన్నమ్మ కువైట్‌లో పదకొండేళ్ళు వంటమనిషిగా చేసింది. తిరిగొచ్చాక ఇంటి అవసరాలకని కారు కొన్నారు. డబ్బు ఆమెది, కాగితాలు చిన్నాన్నవి, నడిపేది కొడుకు. పద్నాలుగో నెలలో గేరు మార్చినప్పుడల్లా గరగరమని మోత మొదలై, చివరికి రెండో గేరు పడటమే మానేసింది. వారంటీ ఇంకా చాలాకాలం ఉంది. చిన్నమ్మా నేనూ సర్వీసు సెంటరుకు వెళ్ళాం. కంప్యూటరులో చూసి, "మధ్యలో ఒక సర్వీసు మా దగ్గర చేయించలేదండి. వారంటీ పోయిందండి" అన్నాడు కౌంటరులోని కుర్రాడు. అమలాపురంలో తెలిసిన మెకానిక్కు దగ్గర ఒకసారి ఇంజను ఆయిలు మార్పించిన మాట నిజమే. ఇంజను ఆయిలు మారిస్తే గేరు బాక్సు ఎలా పాడవుతుందని అడిగాను. "కండిషన్లలో ఉందండి" అన్నాడు. అయితే ఆ మాటే రాసిమ్మంది చిన్నమ్మ. "ఓనరు గారిని పంపండమ్మా, ఆయనతో మాట్లాడతాం" అన్నాడు.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. అతనికి నేర్పిన రెండు మాటలూ అతను చెప్పాడు. ఆ రెండు మాటలూ చట్టం ముందు ఎంతవరకు నిలుస్తాయన్నదే నా ప్రశ్న.

బయట సర్వీసు చేయిస్తే వారంటీ మొత్తం రద్దనే మాట మనలో చాలామంది విని ఊరుకున్నదే. ఒక కారు కొనుగోలుదారు 2011లో చేసిన ఫిర్యాదుతో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా ఈ పద్ధతుల మీద విచారణ జరిపింది. విడిభాగాలను బయటి మార్కెట్లోకి రానివ్వకుండా తమ గుప్పిట్లో పెట్టుకున్నందుకు 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు కలిపి రూ. 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. జరిమానా మీద కంపెనీలు అప్పీళ్ళకు వెళ్ళాయి, అది వేరే కథ. మనకు కావలసింది ఆ ఆదేశంలో వారంటీ గురించి ఉన్న భాగం. బయటి మెకానిక్కు చేయి పడిందన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తాన్ని రద్దు చేసే షరతు పెట్టరాదనీ, ఆ మెకానిక్కు పని సరిగా చేయకపోవడం వల్ల ఏ నష్టం జరిగిందో అంతమేరకే నిరాకరించవచ్చుననీ కమిషన్ చెప్పింది. అంటే ఆయిలుకూ గేరు బాక్సుకూ లంకె చూపించవలసినవాడు కాదన్నవాడే. ఇది పెద్ద చదువులు చదివినవాళ్ళకే తోచే తర్కమేమీ కాదు, చిన్నమ్మ ఆ కౌంటరు దగ్గర అడిగింది కూడా అదే.

ఇక "ఓనరు గారిని పంపండి" అన్న రెండో మాట. వినియోగదారుల రక్షణ చట్టం దృష్టిలో వినియోగదారు అంటే డబ్బు పెట్టి కొన్నవారొక్కరే కాదు, కొన్నవారి సమ్మతితో ఆ వస్తువును వాడుకునేవారు కూడా. 1986 చట్టంలో ఉన్న ఈ మాట దాని స్థానంలో వచ్చిన 2019 చట్టంలోనూ ఉంది. ఆర్.సి. మీద ఎవరి పేరున్నా, ఆ కారులో ఆసుపత్రికీ సంతకూ తిరిగే ఇల్లాలికి ఫిర్యాదు చేసే హక్కుంది. ఆ డబ్బు ఆమె బ్యాంకు ఖాతాలోంచే వెళ్ళిందని పాసు పుస్తకం చెబుతుంటే ఆమె వాదన మరింత బలపడుతుంది. డబ్బు కట్టిన రసీదులు దాచుకోమని నేను పదే పదే చెప్పేది అందుకే.

చిన్నమ్మ ఆ రోజు బండిని అక్కడే వదలలేదు. జాబ్ కార్డు మీద తన ఫిర్యాదును తన మాటల్లో రాయించి, కాపీ తీసుకుని మరీ కదిలింది. తర్వాత డీలరుకూ కంపెనీకీ రిజిస్టర్డు పోస్టులో ఉత్తరాలు రాశాం. ఏ షరతు కింద కాదన్నారు, ఆయిలు మార్చడం వల్ల గేరు బాక్సు ఎలా చెడింది, రాతపూర్వకంగా తెలపండి అని అడిగాం. జవాబు లేదు. ప్లీడరు నోటీసు వెళ్ళాక ఫోను వచ్చింది. "గుడ్‌విల్ కింద" మార్చి ఇస్తామన్నారు. హక్కుగా ఇవ్వవలసిన దానికి దయ అని పేరు పెట్టడం చూడండి! భాగాలు మార్చాక, పూర్తిగా తృప్తి చెందామనీ ఇకమీదట ఏ క్లెయిమూ లేదనీ అచ్చువేసిన కాగితం ముందుపెట్టారు. చిన్నమ్మ ఆ రెండో వాక్యం కొట్టేసి, బండి ఆగిపోయిన రోజుల నష్టం సంగతి ఇంకా తేలలేదని తన చేత్తో రాసి సంతకం చేసింది.

అన్ని నిరాకరణలూ అన్యాయమేనని నేననను. 2022 జులైలో గోదావరి వరద మా సీమను ముంచెత్తినట్టు నీళ్ళు వచ్చినప్పుడు, మునిగిన బండిని స్టార్టు చేస్తే ఇంజనులోకి నీరు లాగేసి పాడవుతుంది. అది తయారీ లోపం కాదు, బీమా వాళ్ళతో తేల్చుకోవలసిన విషయం. సముద్రపు ఉప్పుగాలికి పట్టిన తుప్పు కూడా చాలావరకు అంతే. కానీ ఉప్పుగాలిని అడ్డం పెట్టుకుని, ఇంజనుకు లోపల వచ్చిన రోగాన్ని కూడా తుప్పు ఖాతాలో రాస్తామంటే ఒప్పుకోనక్కర్లేదు.

ఒక భాగం చెడితే కారు మొత్తం మార్చిస్తారని ఆశ పెట్టుకోవడం కూడా సరికాదు. క్లచ్ లోపమున్న మారుతి కారు కేసులో కొత్త కారు ఇవ్వాలన్న ఆదేశాన్ని 2006లో సుప్రీం కోర్టు కాదని, వారంటీ షరతు ప్రకారం చెడిన భాగం వరకే బాధ్యత అంది. అదే కోర్టు 2022లో హ్యుందాయ్ క్రెటా కేసులో మరో వైపు నిలబడింది. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. ఢీకొన్న వేగం చాలలేదని కంపెనీ వాదిస్తే, కారు కొనేవాళ్ళు వేగం, బలం లెక్కలు కట్టే భౌతికశాస్త్ర నిపుణులు కానక్కర్లేదని చెప్పింది. "మీకు బండి గురించి ఏం తెలుసమ్మా" అనిపించుకున్న ప్రతి స్త్రీ ఈ తీర్పును గుర్తుపెట్టుకోవాలి.

ఫిర్యాదు దాఖలు చేయడం 2019 చట్టం తర్వాత కొంత తేలికైంది. బండి విశాఖలో కొన్నా విజయవాడలో కొన్నా, మనం నివసించే జిల్లా పరిధిలోని కమిషన్‌కే వెళ్ళవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, 10 లక్షల వరకు రూ. 200, 20 లక్షల వరకు రూ. 400. ప్లీడరు తప్పనిసరి కాదు. కారణం ఏర్పడిన రెండేళ్ళలోపు వేయాలి, వారంటీ గడువు వేరు, ఈ గడువు వేరు. ముందుగా సలహా కావాలంటే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు.

ఇంతవరకు చెప్పిందంతా ఇంటి కారు సంగతి. కారును అద్దెకు తిప్పి బతికే ఆడమనిషి దగ్గరికి వచ్చేసరికి ఈ చట్టం తలుపు వేసేస్తుంది. వాణిజ్య ప్రయోజనానికి కొన్నవారు వినియోగదారులు కారు. స్వయం ఉపాధితో బతకడానికే కొన్నవారికి మాత్రం మినహాయింపు ఉంది. 1993లో చేర్చిన ఆ మినహాయింపుకు 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీం కోర్టు అర్థం చెప్పింది. ఆటో కొని తానే నడుపుకునేవాడు వినియోగదారు, ఒకరిద్దరి సాయం తీసుకున్నా ఫరవాలేదు. పూర్తిగా ఇంకొకరి చేత నడిపించడానికి కారో ఆటోనో కొన్నవారు మాత్రం వినియోగదారు కారు.

ఇప్పుడు మా ఊరి వితంతువును తలుచుకోండి. గల్ఫ్ డబ్బుతో కారు కొని, డ్రైవరును పెట్టి, ఓ.ఎన్.జి.సి. టెర్మినల్ పనుల మీద వచ్చిపోయేవాళ్ళకు అద్దెకిచ్చి పిల్లల్ని చదివించుకుంటుంది. లెక్క రాసేది, ఈ.ఎం.ఐ. కట్టేది, డీజిలు పోయించేది ఆమె. నడపడం ఒక్కటే ఆమె చేయదు. వారంటీ కాదంటే ఆమె కమిషన్‌కు వెళ్ళలేదు. సివిలు కోర్టుకు కోర్టు ఫీజు కట్టుకుని, ఏళ్ళ తరబడి తిరగాలి. డైరెక్టర్ల ప్రయాణాలకు ఒక కంపెనీ కొన్న బెంజి కార్లు వాణిజ్య ప్రయోజనం కిందికి రావని 2024 జులైలో సుప్రీం కోర్టు తీర్పిచ్చింది. ఆ తీర్పు తప్పని నేననను. కానీ కంపెనీకి తెరిచిన తలుపు ఈమెకు ఎందుకు మూసి ఉండాలి?

చట్టం ఇంగ్లీషు పాఠంలో ఆ వివరణ "అతను కొని, అతనే వాడి, అతని జీవనోపాధికి" అన్న ధోరణిలో ఉంటుంది. పుంలింగంలో స్త్రీలింగం కూడా కలిసే ఉంటుందని న్యాయవాదులు సర్దిచెబుతారు. వ్యాకరణానికి అది సరిపోవచ్చు. స్టీరింగు వెనక కూర్చున్నదే పనిగా, ఆ బండిని నిలబెట్టే మిగతా చాకిరీ పని కానట్టుగా చూసే చూపు దానితో మారదు. ఒకటి రెండు వాహనాలతో కుటుంబాన్ని పోషించుకునే స్త్రీ, నడిపేది ఎవరైనా సరే, వినియోగదారు అవుతుందని ఆ వివరణలో చేర్చాలి. చట్ట సవరణ గురించి మనం ఇచ్చే తర్వాతి విజ్ఞాపనలో ఈ ఒక్క వాక్యాన్ని అడగాలని నా ప్రతిపాదన.