అచట మా వోటెందుకు?

అమెరికా దేశమున టెక్సాసు రాష్ట్రమునందు కాపురమున్న మా మేనల్లుడొకడు మొన్నటి సెలవులలో మా యింటికి వచ్చెను. వానికి ఆ దేశపు పౌరసత్వము లభించి ఆరేండ్లయినది. మాటలమధ్య, "ఎన్నికలలో వోటు వేయుచున్నావా?" యని యడిగితిమి. వాడు నవ్వి, "మామయ్యా, మాది సంప్రదాయపక్షపు రాష్ట్రము. మేము వేసినను వేయకున్నను ఫలితము ముందుగనే తెలిసియున్నది. అచట మా వోటెందుకు?" అనెను.

ఈ మాట వాని నోట మాత్రమే వినియుండినచో ఈ వ్యాసము వ్రాయు శ్రమ మాకు లేకపోయెడిది. వానివంటి విద్యావంతులు పలువురు ఇదే మాటను గొప్ప వివేకముగా పలుకుచున్నారు. మే మెఱిగినంతలో కూలినాలి చేసికొనువా డెవ్వడును తన వోటు పనికిరాదని వాదించుట వినలేదు. ఇది చదువుకొన్నవారి మాట. లెక్కలు వచ్చినవాడే తన వోటు లెక్కలోనికి రాదని లెక్క వేయగలడు. ఇది వివేకము కాదనియు, సోమరితనమునకు కట్టిన పట్టుపంచె యనియు మేము చెప్పదలచితిమి.

మొదట ఆ మాటలో నున్న నిజమును ఒప్పుకొందము. అమెరికాలో దేశాధ్యక్షుని యెన్నిక దేశమందలి వోట్లనన్నిటిని కూడి చేయునది కాదు. రాష్ట్రమునకిన్ని యని ప్రతినిధుల వోట్లను పంచియున్నారు. రెండు రాష్ట్రములు తప్ప మిగిలినచోట్లనెల్ల, ఎక్కువ వోట్లు వచ్చినవానికే ఆ రాష్ట్రపు వోట్లన్నియు చెందును. టెక్సాసు 1976 తరువాత నొక్కమారైనను డెమోక్రాటు అభ్యర్థికి దక్కలేదు. వాయవ్యమున కొండలనడుమనున్న ఐడహో రాష్ట్రమైతే 1964 తరువాత దక్కనేలేదు. ఆ ఐడహోలో 2024 ఎన్నికల పిమ్మట ప్రతినిధిసభయందలి 70 స్థానములలో 61, సెనేటునందలి 35 స్థానములలో 29 రిపబ్లికనుల వయ్యెను. ఇట్టిచోట సంస్కరణపక్షపువాడు నిట్టూర్చుట సహజమే. నిట్టూర్చుటను మేము తప్పుపట్టము. నిట్టూర్చి తలుపు మూసికొనుటను తప్పుపట్టుచున్నాము.

ఎందుకనగా, ఆ ఐడహోలోనే జరిగిన సంగతి యొకటి కలదు. దానిని కొంత విపులముగా చెప్పవలసియున్నది.

2010 సంవత్సరమున అమెరికా కేంద్రప్రభుత్వము ఆరోగ్యభీమా శాసనమును చేసెను. బీదరికపు గీతకు కొంచెము పైనున్నవారికి భీమా కొనుటకు సహాయధనమును, అంతకు దిగువనున్నవారికి మెడికెయిడ్ అను ఉచితవైద్యపు ఏర్పాటును ఆ శాసనము ఉద్దేశించెను. రాష్ట్రములన్నియు మెడికెయిడును విస్తరించునని తలచి చేసిన శాసనమగుటచేత, గీతకు దిగువనున్నవారికి సహాయధనమును పెట్టలేదు. 2012లో సుప్రీముకోర్టు, విస్తరించుటయు మానుటయు రాష్ట్రముల యిష్టమని తీర్పు చెప్పెను. ఐడహో శాసనసభ విస్తరింపలేదు. దాని ఫలమును చిత్తగింపుడు: కొంత సంపాదనగలవానికి భీమాకు సహాయము దొరకును, అంతకంటె బీదవానికి ఏమియు దొరకదు. పొలములలో పనిచేయువారు, భోజనశాలలలో వడ్డించువారు, ముసలి తల్లిని చూచుకొనుటకై పని తగ్గించుకొన్నవారు, ఇట్టివారు వేలకొలది ఆ సందునబడిరి. విస్తరణమునకగు వ్యయములో నూటికి 90 డాలర్లు కేంద్రమే యిచ్చునది. అయినను శాసనసభవారు సంవత్సరము వెంట సంవత్సరము ఆ సంగతిని ప్రక్కకు నెట్టుచు వచ్చిరి.

ఉత్తరపు కొసనున్న సాండ్‌పాయింటు అను చిన్న పట్టణమున 2017లో కొందఱు యువకులు తమ ఊరి పాఠశాలల పన్నును ప్రజల వోటుచేత నిలుపుకొనుటకై ఇల్లిల్లు తిరిగి గెలిచిరి. ఆ అనుభవమునుండియే 'రీక్లెయిం ఐడహో' అను సంఘము పుట్టెను. దాని స్థాపకులలో నొకడైన ల్యూక్ మేవిల్ రాజనీతిశాస్త్రము చదివినవాడు. అంత చదివినవాడు ఏదో మహానగరమున కూర్చుండి ఐడహో ప్రజల యజ్ఞానమునుగూర్చి ఉద్గ్రంథము వ్రాయవచ్చును. అట్టి గ్రంథములకు అచటను ఇచటను కొఱతలేదు. అతడును అతని మిత్రులును ఆకుపచ్చరంగు వేసిన పాత బండి నొకదానిని సంపాదించి, దానిపై మెడికెయిడు మాట వ్రాయించుకొని, ఆ వేసవిలో ఊరూర తిరుగుటకు బయలుదేరిరి.

ఇందుకు వారికి ఆధారమైనది ఆ రాష్ట్రపు ప్రజలు 1912లోనే సంపాదించుకొన్న హక్కు. నియతసంఖ్యలో వోటర్ల సంతకములు చేకూర్చినచో ఒక శాసనమును సరాసరి ప్రజల వోటునకు పెట్టవచ్చును. మన దేశమున కేంద్రమందుగాని రాష్ట్రములందుగాని ఇట్టి యేర్పాటు లేదు గనుక ఇంత వివరింపవలసివచ్చెను. అయితే ఆ హక్కునకు ముండ్లు చాలగలవు. 2012లో ఐడహో ప్రజలు పాఠశాలలనుగూర్చి శాసనసభ చేసిన మూడు శాసనములను వోటుచేత కొట్టివేసిరి. ఆ మఱుసటి సంవత్సరమే శాసనసభ నిబంధనను బిగించెను: రాష్ట్రమంతట వోటర్లలో నూటికి ఆరుగురు సంతకము చేయుట చాలదు, 35 జిల్లాలలో 18 జిల్లాలందును నూటికి ఆరుగురు చొప్పున చేయవలెను. రాజధానియైన బాయిసీ నగరమున సంతకములు పోగుచేసికొని పల్లెలను మఱచువారిని అరికట్టుటకని చెప్పిరి. ఆ మాటలో కొంత న్యాయము లేకపోలేదు. కాని అరికట్టబడుదురని తలచినవారు ఆ నిబంధన పుణ్యమా యని పల్లెలకు పోయిరి. పట్టణపు సంస్కర్తలు తమంతట తాము చేయని మేలును శత్రువులు వారిచేత చేయించిరని మా యభిప్రాయము.

56,192 సంతకములు కావలసియుండగా అంతకు మించియే చేకూడెను. ఐడహోలో అన్ని తలుపులు తట్టినవానికి ఎదురగువారిలో పెక్కుమంది రిపబ్లికనులే యగుదురు. అట్టివారి వాకిట నిలిచి మీ పక్షము చెడ్డదని మొదలిడినవానికి సంతకము దొరకదు, తలుపు మూతబడును. మీ యింట భీమా లేనివారెవరైన నున్నారా, జబ్బుచేసినప్పుడు ఏమి చేసితిరి, అని యడిగినచో మాట సాగును. ఆ ప్రశ్నకు పక్షము లేదు. వైద్యులును, కడపటి దినములలో రిపబ్లికను గవర్నరైన ఆటర్ గారును ఆ ప్రతిపాదనను బలపఱచిరి.

2018 నవంబరు ఎన్నికలో నూటికి 60 మందికి పైగా దాని కనుకూలముగా వోటు వేసిరి. సంప్రదాయపక్షపువే యగు యూటా, నెబ్రాస్కా రాష్ట్రములును ఆనాడే ఇట్టి తీర్పునే యిచ్చెను. ఐడహోలో 2020 జనవరి 1వ తేదీనుండి విస్తరణము అమలునకు వచ్చెను.

ఇచట మా మేనల్లుడు లేచి, "ఆనాడే వారు గవర్నరుగా ఎవరిని ఎన్నుకొనిరి?" అని యడుగును. అడిగెను కూడ. నిజమే. ఆ దినముననే, దాదాపు అంతే పాలు వోట్లతో, నూటికి 60కి చేరువగా, రిపబ్లికను పక్షమువాడగు లిటిల్ గారిని వారు గవర్నరుగా ఎన్నుకొనిరి. శాసనసభకును ఆ పక్షపువారినే పంపిరి. ఒక చేతితో వైద్యమును కోరి, రెండవ చేతితో ఆ వైద్యమును ఏండ్లతరబడి నిరాకరించిన పక్షమును గద్దెపై నిలిపిరి. ఆ సభ మఱుసటి సంవత్సరమే విస్తరణమునకు పని షరతును తగిలించెను. కేంద్రప్రభుత్వపు అనుమతి రానందున అది అప్పట్లో అమలు కాలేదు.

ఈ వైరుధ్యము మాకును చిక్కుగనే యున్నది; దానిని దాచము. కాని దీనినుండి ప్రజలు మూఢులని తేల్చుట మాకు సమ్మతము కాదు. మన యిండ్లలోనే చూడుడు: కూతురిని కళాశాలకు పంపు తండ్రి, ఆ కూతురి వివాహవిషయమున కులము విడుచుటకు ఒప్పుకొనడు. వానిని సంప్రదాయపరుడందుమా, సంస్కర్తయందుమా? అందఱు మనుష్యులు ఇట్లే ముక్కలుగా నున్నారు. పక్షము పేరు మనుష్యుని మెడలోని పతకము. వాని యవసరములు వాని కడుపులో నున్నవి. 'సంప్రదాయపక్షపు రాష్ట్రము' అనుమాట పతకములను లెక్కించి పెట్టిన పేరు. మెడికెయిడునుగూర్చి ప్రశ్నించువఱకు ఆ నూటికి 60 మంది ఉన్నారని ఎవరికిని తెలియదు, బహుశః ఆ 60 మందికిని తెలియదు.

గెలిచినవారిని గద్దెపైనున్నవారు ఊరకుండనిచ్చిరా? 2019లో సంతకముల నిబంధనను మిక్కిలి కఠినము చేయు బిల్లును శాసనసభ నెగ్గించెను. గవర్నరు దానిని త్రోసిపుచ్చెను. 2021లో మరల తెచ్చిరి. ఈమారు 18 జిల్లాలు కాదు, 35 జిల్లాలందును నూటికి ఆరుగురు కావలెనట! అనగా ఏదో యొక్క జిల్లావారు ముఖము త్రిప్పుకొన్నచో మిగిలిన 34 జిల్లాల కోరిక గాలికి పోవును. పల్లెల మాట వినబడవలెనను మొదటి సాకు ఇచట ఏమయ్యెనో మాకు తెలియదు. గవర్నరు దానిపై చేవ్రాలు చేసెను. సంఘమువారు న్యాయస్థానమున కెక్కిరి. ఆ రాష్ట్రపు సుప్రీముకోర్టు 2021 ఆగష్టులో, ప్రతిపాదన చేయుట ప్రజలకు మూలహక్కు అని చెప్పి ఆ శాసనమును కొట్టివేసెను.

2022లో సంఘమువారు మఱియొక ప్రతిపాదన తెచ్చిరి. సంవత్సరమునకు 2,50,000 డాలర్లకు మించిన రాబడిపైనను, కంపెనీలపైనను పన్ను పెంచి, ఆ ద్రవ్యమును పాఠశాలల కియ్యవలెనని దాని సారాంశము. సంతకములు చేకూడెను. అంతట గవర్నరు సెప్టెంబరు 1న శాసనసభను ప్రత్యేకముగా సమావేశపఱచెను. ఒక్కదినములో ఆదాయపు పన్నును తగ్గించి, విద్యకు ఏటేట 410 మిలియను డాలర్లు కేటాయించుచు శాసనము చేసిరి. అది సంఘమువారి ప్రతిపాదనను నిష్ఫలము చేయునట్లు అమలు తేదీ మొదలుకొని అల్లియున్నది. ప్రతిపాదన ఉపసంహరింపబడెను. దీనిని ఓటమి యందుమా? ధనికులపై పన్ను రాలేదు, నిజము. కాని అంతవఱకు డబ్బులేదన్న శాసనసభకు ఒక్కదినమున 410 మిలియనులు కనబడెను. వోటు పడకమునుపే, పడునన్న భయముచేతనే ఇంత జరిగినది. వోటు పనికిరాదని మొదటినుండియు నమ్మువారికంటె దాని విలువ దాని శత్రువులకే బాగుగా తెలిసియున్నట్లున్నది.

2024లో సంస్కరణపక్షము ఘోరముగా ఓడెను. దానిని విడిచి పై మంచిమాటలే చెప్పిన మా వాదము కల్తీ యగును. ఐడహోలో 2012 మొదలు రిపబ్లికను పక్షపు ప్రాథమిక ఎన్నికలో ఆ పక్షపు వోటరుగా పేరు వ్రాయించుకొన్నవారే వోటు వేయవలెను. అసలు పోటీ జరుగునది ఆ ప్రాథమికమందే గనుక, ఏ పక్షమునను లేని రెండులక్షలకు పైగా వోటర్లు వాకిట నిలిచిపోవుచున్నారు. ఆ తలుపు తెఱువవలెనని తెచ్చిన ప్రతిపాదనను నూటికి 70 మంది త్రోసివేసిరి. తప్పెవరిది? తలుపు తెఱచుటతోపాటు, అభ్యర్థులను ఒకటి రెండు మూడు అని వరుసపెట్టి వోటు వేయు క్రొత్తపద్ధతినిగూడ ఒకే కాగితమున చేర్చిరి. మొదటిది వాకిట నిలిచి రెండుమాటలలో చెప్పవచ్చును. రెండవదానిని చెప్పుటకు పలకయు బలపమును కావలెను. ఎదుటివారు రెండవదానినే పట్టుకొని మొదటిదానిని ముంచిరి. భీమా లేని పొరుగువానినిగూర్చి మాటలాడినప్పుడు గెలిచినవారు, ఎన్నికల యంత్రమునుగూర్చి మాటలాడినప్పుడు ఓడిరి. ఇది ప్రజల దోషమని మేము తలపము. సంస్కర్తలకు తమ యంత్రములపై మమకారము మెండు.

మా మేనల్లుడు కడపట, "మా టెక్సాసులో ప్రజలు శాసనమును ప్రతిపాదించు హక్కే లేదు గదా" యనెను. లేదు. అందుచేతనే 2025 నాటికిని అచట మెడికెయిడు విస్తరణము కాలేదు. కాని ఐడహోవారికి మూయబడిన తలుపు టెక్సాసులో తెఱచియున్నది. అచట వోటరు పక్షము పేరు వ్రాయించుకొన నక్కరలేదు. ప్రాథమికమున తనకిష్టమైన పక్షపు కాగితమును అడిగి పుచ్చుకొనవచ్చును. రిపబ్లికనులలో ఎవడు కొంత మేలో నిర్ణయించు పని, మా మేనల్లునికి ఇష్టమున్నచో, వాని చేతిలోనే యున్నది. ఇక వాని పిల్లలు చదువు పాఠశాలల పాలకసభ్యులను ఎన్నుకొనునది దేశాధ్యక్షుడు కాదు, వానివంటి తలిదండ్రులే. ఆ సభకు గడచినమారు ఎవరు నిలిచిరని యడిగితిమి. వానికి తెలియదు. వాని భార్య లోపలినుండి ఇద్దఱి పేర్లు చెప్పెను; ఆమెకు ఇంకను పౌరసత్వము రాలేదు.

ఆ యిల్లాలి మాట విన్నప్పుడు మాకు ఐడహో సంగతియే మఱొకటి జ్ఞప్తికి వచ్చెను. అచటి పురుషులు 1896లోనే వోటువేసి స్త్రీలకు వోటుహక్కు నిచ్చిరి. దేశమంతటికి ఆ హక్కు 1920లోగాని రాలేదు. 1898లో ముగ్గురు స్త్రీలు ఆ శాసనసభలో సభ్యులైరి. సంప్రదాయపక్షపు రాష్ట్రమని నేడు మనము పేరుపెట్టినది ఆ రాష్ట్రమునకే.

మా మేనల్లుడు తిరుగు ప్రయాణమునకు ముందు, ఊరు చేరినవెంటనే పాఠశాల సభ యెన్నిక ఎప్పుడో కనుగొని వ్రాసెదనని చెప్పెను. వ్రాయవలసినది వాడా, వాని భార్యయా యని మేమడుగలేదు.