హెడ్ పగల్లేదన్నా, మనమే పగలగొట్టాం

ట్రాక్టర్ హెడ్ పగిలిందంటే చాలు, "ఇప్పటి బండ్లలో ఇనుము నాసిరకం" అని తేల్చేస్తాం. పోయిన వానాకాలం దమ్ము మధ్యలో నా బండి ఆగిపోయినప్పుడు నేనూ అదే అన్నాను. హెడ్ విప్పాక నోరు మూసుకున్నా. నీళ్ళు తిరిగే దారుల్లో సగం సున్నమే. నేను పోసిన బోరు నీళ్ళ సున్నం అది.

హెడ్ అంటే పోత ఇనుము. వేడెక్కితే సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. తీగను అటూ ఇటూ వంచితే ఒక రోజు తెగినట్టే ఇదీ. లోపలికి గాలి వచ్చే వాల్వుకీ, మండిన పొగ పోయే వాల్వుకీ మధ్య సన్నటి చోటు ఉంటుంది. ఎక్కువగా కాలేది అక్కడే, వెంట్రుకంత బీట మొదలయ్యేదీ ఎక్కువగా అక్కడే. సున్నం పొర కడితే ఆ వేడి నీళ్ళలోకి దిగదు. ఇక ఇనుము ఏం చేస్తుంది?

"మా నాయన ఇరవై ఏళ్ళు నీళ్ళే పోశాడు, ఏం కాలేదు" అంటారు. నిజమే. ఆయన పోసింది చెరువు నీళ్ళు, లాగింది నాగలి. మనం పోసేది లోతు బోరు ఉప్పునీళ్ళు, తిప్పేది రోటావేటర్, అదీ ఇద్దరు డ్రైవర్లను మార్చి రాత్రీ పగలూ. రెండూ ఒకటేనా?

బండి హీటెక్కితే థర్మోస్టాట్ పీకి పారేయమనే మెకానిక్‌లకూ ఒక మాట. అది పీకేస్తే చాలా ఇంజిన్లలో నీళ్ళు రేడియేటర్‌కి సరిగ్గా పోకుండా అడ్డదారిన తిరుగుతాయి. టార్క్ రెంచ్ లేకుండా చేతి అంచనాతో హెడ్ బోల్టులు బిగించడం ఇంకో పాపం. పంపు తిప్పి డీజిల్ పెంచి "పవర్ వచ్చింది చూడు" అనడం మూడోది. ఆ పవర్‌తో పాటు వేడీ వస్తుంది.

మన తప్పులూ తక్కువేం కాదు. జాలీ నిండా పొట్టు ఉన్నా దులపం. లోడు మీద నుంచి వచ్చీ రాగానే ఇంజిన్ ఆపేస్తాం. మూడు నాలుగు నిమిషాలు స్లోలో తిరగనిస్తే మన సొమ్మేం పోతుంది? అన్నిటికన్నా ఘోరం, ఆవిర్లు కక్కుతున్న ఇంజిన్లో చల్లనీళ్ళు కుమ్మరించడం. నా బండికి చివరి దెబ్బ అదే.

కూలెంట్ ఖర్చు వందల్లో. హెడ్ పని వేలల్లో. పోయిన అదునుకి లెక్కే లేదు.

రేపు పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మూత తీసి చూడండి. బయట కారకుండా నీళ్ళు తగ్గుతున్నా, స్టార్ట్ చేయగానే బుడగలు వస్తున్నా, ఆయిల్ మజ్జిగలా మారినా పని ఆపండి. దమ్ము ఒక రోజు ఆలస్యమైతే తట్టుకోవచ్చు. అదునులో బండి షెడ్డులో పడుంటే తట్టుకోలేం.