నిరాశ రాక్షసుని కోట



మన ఇండ్లలో బైబిలు ప్రక్కన ఉండే పుస్తకాలలో ‘యాత్రికుని ప్రయాణము’ ఒకటి. క్రైస్తవుడు బురదలో కూరుకుపోవుట, నిరాశ అనే రాక్షసునికి చిక్కుట చిన్ననాటినుండి విన్నవే. ఈ బురదను, ఈ రాక్షసుని జాన్ బన్యన్ ఎక్కడ చూచాడు? తన మనస్సులోనే.

బన్యన్ 1628లో ఇంగ్లండులోని బెడ్‌ఫర్డు దగ్గర పుట్టాడు. తండ్రివలె పాత గిన్నెలకు మాట్లు వేసి బ్రతికాడు. యౌవనములో అతని మనస్సు ఘోరముగా కృంగిపోయినది. గుడి గంట మ్రోగితే గోపురము తనమీద కూలునేమోనని పారిపోయేవాడు. క్రీస్తును అమ్మివేయమనే తలంపు సుమారు ఏడాదిపాటు వెంటాడినది. ఏశావువలె తనకిక క్షమాపణ లేదని చాలాకాలము కుమిలిపోయాడు. అనుమతి లేకుండా ప్రసంగించినందుకు చెరసాలలో ఉండగా, 1666లో ఈ సంగతులన్నీ దాచకుండా అచ్చు వేయించాడు.

1678లో వెలువడిన కథలో ఆ బాధే కోటగా మారినది. క్రైస్తవుడు, నిరీక్షణ అనే తోటి యాత్రికుడు బుధవారమునుండి శనివారము వరకు అన్నపానములు లేక బంధింపబడ్డారు. ప్రాణము తీసికొనుడని రాక్షసుడు పురికొల్పాడు. క్రైస్తవుడు ఇంచుమించు లొంగిపోయాడు. అతనిని ఆపినవాడు తోటివాడే. చివరికి వాగ్దానము అనే తాళపుచెవి తన రొముననే ఉన్నదని క్రైస్తవునికి జ్ఞాపకము వచ్చినది.

గమనించండి. తాళపుచెవి మొదటినుండి అతనియొద్దనే ఉన్నది. అయినా జ్ఞాపకము రాలేదు. కృంగిన మనస్సు అట్టిది. అది విశ్వాసము లేకపోవుట కాదు. తాళపుచెవి జ్ఞాపకము వచ్చేవరకు అతనిని బ్రతికించి ఉంచుటే తోటివాడు చేసిన పరిచర్య. 1684లో వచ్చిన రెండవ భాగములో, ఆ బురదయొద్ద నెలరోజులు పడియున్న పిరికివాడు కూడా పరమపట్టణము చేరాడు!

మన ఇంటిలోను ఒకరు నిద్ర పట్టక, తిండి మాని, ఎవరితోను మాట్లాడక ఉండవచ్చు. దయ్యము పట్టినదని కొట్టవద్దు. ‘నీకు ప్రార్థన చాలదు’ అని గాయపరచవద్దు. ప్రక్కన కూర్చుండి వినండి. ప్రార్థించండి, ఆస్పత్రికి కూడా తీసికొనిపోండి. డాక్టరు ఇచ్చిన మందులు మాన్పించవద్దు. పురుగుమందు డబ్బా ఇంటిలో ఉంచవద్దు. చనిపోతాననే మాట వింటే ఒంటరిగా విడువవద్దు. ప్రభుత్వమువారి 14416 నంబరుకు పగలైనా రాత్రియైనా ఫోను చేయవచ్చును, ఖర్చు లేదు.

ఆ కోటలో క్రైస్తవుడు ఒంటరిగా లేడు. మన సంఘములోను ఎవరూ ఒంటరిగా ఉండకూడదు.