చెరసాల ఒంటరిగదికి న్యాయమూర్తి అనుమతి కావలెను

కెనడాదేశమున పౌరసత్వమును, దానితోపాటు ఓటుహక్కును పొందియున్న తెలుగు సోదరీసోదరులకు విన్నపము.

ఈ దేశపు సెనేటులో 105 స్థానములు కలవు. ఆ సభ్యులను ప్రజలెన్నుకొనరు. ప్రధానమంత్రి సలహామీద గవర్నరు జనరలు నియమించును. అందుచేతనే కాబోలు, ఆ సభలో జరుగు చర్చలయెడ మనవారిలో పెక్కుమందికి ఆసక్తి తక్కువ. కాని దశాబ్దములపాటు చెరసాలలలోని స్త్రీల పక్షమున పనిచేసి, 2016లో సెనేటరుగా నియమితురాలైన కిమ్ పేట్, మానసికరోగులైన ఖైదీలను గూర్చి మంత్రులను, చెరసాలల శాఖాధికారులను అడుగుచు వచ్చిన ప్రశ్నలను శ్రద్ధతో పరికించినచో, అవన్నియు తుదకొక్క ప్రశ్నయందే కలియుచున్నట్లు తోచును: మనస్సు చెదరిన మనుష్యుని ఒంటరిగదిలో పెట్టి తాళము వేయుటకును, వేసిన తాళమును తీయకుండుటకును నిర్ణయించువారెవరు? ఆ నిర్ణయము చెరసాల యధికారిది కాక న్యాయమూర్తిది కావలెనని మేము కోరుచున్నాము. ఈ కరపత్రమున మేము చెప్పదలచిన దంతయు ఇదియే.

ఆష్లీ స్మిత్ పేరు మీరు వినియుందురో లేదో తెలియదు. ఆమె న్యూ బ్రన్‌స్విక్ రాష్ట్రములోని మాంక్టన్ పట్టణపు బాలిక. తపాలా ఉద్యోగిపై అడవి ఆపిలుకాయలు విసిరినందుకు 2003లో బాలనేరస్థుల గృహమునకు పంపబడి, లోపల చూపిన అవిధేయతలకు శిక్షమీద శిక్ష పేరుకొనగా, 2006 అక్టోబరులో పెద్దల చెరసాలకు చేర్పబడినది. అటుపిమ్మట ఏడాదియైన నిండకమునుపే ఆమెను 17 మారులు ఒకచోటినుండి వేరొకచోటికి తరలించిరి. ఈ తరలింపులలోని మర్మమును గ్రహింపవలెను. ఒంటరినిర్బంధము 60 దినములు సాగినచో పైయధికారులు దానిని పునఃపరిశీలింపవలెనను నియమమొకటి అప్పుడును ఉండెను. కాని ఆమెను గడప దాటించిన ప్రతిపర్యాయమును నిర్బంధము ముగిసినట్లు కాగితముమీద వ్రాసి, క్రొత్తచోట మరల మొదటి దినమునుండి లెక్క పెట్టుచు వచ్చుటచేత, ఆ పరిశీలన ఒక్కమారైనను జరుగలేదు. ఆమె పెట్టుకొన్న కడపటి ఫిర్యాదు కవరును, ఆమె గతించిన రెండు నెలలకు గాని విప్పి చూచినవారు లేరు.

2007 అక్టోబరు 19న, ఒంటారియోలోని కిచెనరు నగరమందలి గ్రాండ్ వ్యాలీ స్త్రీల చెరసాలలో, తన్ను తాను హింసించుకొని ఆమె ప్రాణము విడుచుచుండగా, ఊపిరి ఆడుచున్నంతవరకు లోనికి పోరాదని పైనుండి వచ్చిన ఆదేశమునకు కట్టువడి కావలివారు గది వెలుపల నిలిచి చూచుచుండిరి. వీడియో కెమెరా ఆ దృశ్యమును నమోదు చేయుచునే యుండెను. అప్పటికామె వయస్సు 19 ఏండ్లు. మరణవిచారణ జరిపిన జూరీ 2013 డిసెంబరులో దానిని నరహత్యగా నిర్ణయించి, 104 సిఫారసులు చేసినది. ఆ కావలివారు క్రూరులని మేమనము. తాము చేయు పనికి తామే తీర్పరులైనవారిచేతిలో ఏ మంచి నియమమైనను ఈవిధముగనే చచ్చునని మాత్రము అనుచున్నాము.

2019లో పార్లమెంటు సి-83 అను బిల్లుద్వారా పాత పద్ధతిని రద్దుచేసి, స్ట్రక్చర్డ్ ఇంటర్వెన్షన్ యూనిట్లను నెలకొల్పినది. వాటియందలి ఖైదీకి దినమునకు నాలుగు గంటలు గది వెలుపల గడపుటకును, అందు రెండు గంటలు మనుష్యులతో మెలగుటకును హక్కు కలదు. ఆ బిల్లు తమయొద్దకు వచ్చినప్పుడు సెనేటర్లు అధికారులను ప్రశ్నించి, నిపుణుల మాటలు విని, 48 గంటలకు మించిన నిర్బంధమునకు ఉన్నత న్యాయస్థానపు అనుమతి కావలెనను సవరణ చేర్చిరి. న్యాయస్థానములకు పనిభారము హెచ్చునను కారణమున హౌస్ ఆఫ్ కామన్స్ ఆ సవరణను త్రోసివేసినది. ఫలితమేమైనది? ఆంథొనీ డూబ్, జేన్ స్ప్రాట్ అను నేరశాస్త్రాచార్యులు చెరసాలల శాఖవారి స్వంత లెక్కలనే పరిశీలించి, ఈ క్రొత్త విభాగములలోని నిర్బంధములలో ఇంచుమించు 28 శాతము ఐక్యరాజ్యసమితి మండేలా నియమముల ప్రకారము ఏకాంతశిక్షయేయనియు, సుమారు 10 శాతము చిత్రహింస యనదగినవేయనియు 2021లో ప్రకటించిరి. పేరు మారినది, గది మారలేదు.

పనిభారమను వాదమునకు సమాధానము ఈ దేశపు క్రిమినల్ కోడులోనే యున్నది. పోలీసులు నిర్బంధములో నుంచిన ఏ మనుష్యునైనను సాధారణముగా 24 గంటలలోపల న్యాయాధికారి యెదుట నిలుపవలెనని అది శాసించుచున్నది. అందువలన న్యాయస్థానములు కూలిపోలేదు. మన పుట్టినింటి సంగతియును ఇచట స్మరింపదగును. 1860 నాటి భారత శిక్షాస్మృతి సహితము ఏకాంతశిక్షను విధించు అధికారమును న్యాయస్థానమునకే యిచ్చి, ఒక్కమారుగా 14 దినములు మించరాదని హద్దు పెట్టినది. చెరసాల యధికారి తనంతట తాను ఆ శిక్ష విధింపజాలడని 1978లో సునీల్ బత్రా వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. మన చెరసాలలు ఆదర్శప్రాయములని దీని భావము కాదు. వలసపాలకుల స్మృతియే ఒప్పుకొనిన హద్దును ఇంతటి సంపన్న ప్రజాస్వామ్యము ఒప్పుకొనకుండుట మాకు బాధ కలిగించుచున్నది.

రోగి యుండవలసిన చోటు ఆసుపత్రి. చెరసాలల చట్టపు 29వ సెక్షను ఖైదీని ఆసుపత్రికి మార్చుట కవకాశమిచ్చుచునే యున్నది. కాని ఆష్లీ మరణానంతరము, జూరీతీర్పు వెలువడిన పిమ్మట, 2014లో స్త్రీఖైదీలకొరకు బ్రాక్‌విల్ మానసిక వైద్యాలయమున ప్రభుత్వము ప్రకటించిన మంచములు రెండు! సెనేటరు పేట్ ప్రతిపాదించిన, ‘టోనా చట్టము’ అని వ్యవహరింపబడు బిల్లు, తీవ్ర మానసికవ్యాధి గల ఖైదీని ఆసుపత్రికి పంపుటను అధికారి దయకు విడువక విధిగా చేయుటకును, 48 గంటల పిమ్మట న్యాయస్థానపు అనుమతిని తప్పనిసరి చేయుటకును ఉద్దేశింపబడినది.

ఇది మనకేల అనుకొనవలదు. మన ఇండ్లలోను మనస్సు చెదరిన బిడ్డలున్నారు; పరువునకు వెరచి వారిని దాచుచున్నాము, మందులకు ఆలస్యము చేయుచున్నాము. ఏదో ఒక రాత్రి ఇరుగుపొరుగువారు పోలీసులను పిలిచిన క్షణమునుండి ఆ బిడ్డ న్యాయవ్యవస్థ చేతిలోనివాడు.

సెనేటర్లు ప్రశ్నింపగలరు, సవరణలు చేయగలరు. కాని వాటిని నిలుపుటయు త్రోసివేయుటయు హౌస్ ఆఫ్ కామన్స్ చేతిలోనున్నది, అచటి సభ్యులు మన ఓట్లతో గెలుచువారు. కావున బ్రాంప్టనులో నున్నను, కాల్గరీలో నున్నను, మీ పార్లమెంటు సభ్యునికి స్వహస్తముతో జాబు వ్రాయుడు; ఒట్టావా సభాభవనమునకు పంపు జాబునకు తపాలాబిళ్ల అక్కరలేదు. రెండే ప్రశ్నలడుగుడు. 48 గంటలు మించిన ఒంటరినిర్బంధమునకు న్యాయస్థానపు అనుమతి కావలెనను బిల్లు సభకు వచ్చినప్పుడు మీరు దానికి ఓటు వేయుదురా? చెరసాలల చట్టపు 72వ సెక్షను ప్రతి పార్లమెంటు సభ్యునికిని ఏ ఫెడరల్ చెరసాలనైనను దర్శించి ఏ ఖైదీనైనను చూచు హక్కు నిచ్చుచుండగా, మీరెన్నడైనను ఆ హక్కును వినియోగించితిరా? ప్రత్యుత్తరము వ్రాతమూలకముగనే కోరి, వచ్చినదానిని భద్రపరచుడు. ఎన్నికలవేళ ఆయన మీ వాకిటికి వచ్చినప్పుడు ఆ కాగితమును చేతబట్టుకొనియే మాటలాడవచ్చును.