షుగర్ ఫ్రీ కేకు తినవచ్చునా?

"షుగర్ ఫ్రీ అని రాసి ఉంది గదా డాక్టరుగారూ, తినవచ్చునా?" నందిగామ, జగ్గయ్యపేటల నుంచి వచ్చే మధుమేహ రోగులు తరచు అడిగే ప్రశ్న ఇది.

ఆ మాటకు అర్థం చక్కెర లేదని. పిండి లేదని కాదు. సామాన్యంగా కేకు చేసేది మైదాతో. నూరు గ్రాముల మైదాలో 70 గ్రాములకు పైగా పిండిపదార్థమే. అది అరిగి గ్లూకోజుగా మారి రక్తంలో కలుస్తుంది. కొవ్వు సరేసరి.

తీపికి వేసే సుక్రలోజ్ (నెంబరు 955) రక్తంలో చక్కెరను దాదాపు పెంచదు. మాల్టిటాల్ (965) పంచదారకంటె తక్కువైనా కొంత పెంచుతుంది. ఎక్కువ తింటే కడుపుబ్బరం, విరేచనాలు. మాల్టోడెక్స్‌ట్రిన్ ఉంటే అది గ్లూకోజులాగే త్వరగా పెంచుతుంది.

కాబట్టి అట్టపెట్టె వెనుక చిన్నక్షరాలు చదవండి. 'షుగర్స్' అంకె ఒక్కటే గాక 'టోటల్ కార్బోహైడ్రేట్' అంకె చూడండి. ఎప్పుడైనా చిన్నముక్క తింటే ఆ పూట అన్నం కొంత తగ్గించండి.

మరొక హెచ్చరిక. ఇన్సులిన్ గాని, మాత్రలు గాని వాడేవారికి చక్కెర పడిపోయి చెమటలు పట్టి, చేతులు వణికితే ఈ కేకు పెట్టకండి. అది అరిగేలోగా ప్రాణం మీదికి వస్తుంది. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. స్పృహ లేకపోతే నోట ఏమీ పోయక వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.