పలుగురాయికి ప్యాచ్ వెయ్యలేం

మా బాబాయిగారబ్బాయికి మెటలర్జీలో సీటొచ్చింది. "ఎక్కడైనా సరే, సీఎస్ఈకి మార్పించు" అని బాబాయి నాకు ఫోన్. నేనూ అదే మెటలర్జీ చదివి, క్యాంపస్ ఇంటర్వ్యూ పుణ్యమా అని జావాలో పడ్డవాణ్ణే. అందుకే కాస్త గుచ్చుకుంది.

మన కంప్యూటర్లో గడియారం నడిపే 32,768 హెర్ట్‌జ్ క్రిస్టల్ తెలుసుగా? 2 పవర్ 15. అందులో ఉన్నది పలుగురాయి ముక్క, అదీ ఫ్యాక్టరీలో పెంచింది. సిలికాన్‌లా కరిగించి కడ్డీ లాగుదామంటే కుదరదు. 573 డిగ్రీల దగ్గర దాని అమరికే మారిపోతుంది, పూర్తిగా కరిగించి చల్లారిస్తే మిగిలేది గాజే. తక్కువ వేడిలో పెంచుదామంటే మామూలు నీళ్లలో కరగదాయె!

అందుకని నీటినే మార్చారు. 374 డిగ్రీలు, 220 బార్లు దాటితే నీరు అటు ద్రవమూ కాదు, ఇటు ఆవిరీ కాదు. సూపర్‌క్రిటికల్ అంటారు. మందపాటి ఉక్కు ఆటోక్లేవ్ (ప్రెషర్ కుక్కరుకి పెత్తాత అనుకోండి), అడుగున పలుగురాయి ముక్కలు, పైన వేలాడదీసిన విత్తన పలకలు, మధ్యలో కాస్టిక్ సోడా కలిపిన నీళ్లు. పీడనం వెయ్యి బార్లకి పైమాటే. అడుగు కాస్త ఎక్కువ వేడి, పైన తక్కువ. కింద కరిగింది పైకొచ్చి పలకల మీద పేరుకుంటుంది. (పైభాగం ఒక్కోసారి 374కి కాస్త కిందే ఉంటుంది లెండి.)

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా రేడియోలకి ఈ రాయి దాదాపు అంతా బ్రెజిల్ నుంచే రావాల్సొచ్చింది. ఆ భయంతోనే యుద్ధం తర్వాత బెల్ ల్యాబ్స్ లాంటి చోట్ల పట్టుబట్టి దీన్ని సాధించారు.

నాకు బాగా నచ్చేది దీని వేగం. రోజుకి ఓ మిల్లీమీటరో, అందులో సగమో. తొందరపెడితే అల్యూమినియం, హైడ్రోజన్ లాంటి మలినాలు ఎక్కువగా దూరి, క్రిస్టల్ నాణ్యత పడిపోతుంది. విత్తనంలో లోపముంటే పెరిగినదాంట్లోకీ పాకుతుంది. మనలాగా ముందు రిలీజ్ చేసేసి సర్వీస్ ప్యాక్ ఇస్తామంటే కుదరదు. మళ్లీ విత్తనం దగ్గర్నుంచే.

2021 డిసెంబరులో కేంద్రం సెమీకండక్టర్లకి 76,000 కోట్లు ప్రకటించినప్పుడు మా ఆఫీసులో అందరూ ఫ్యాబుల గురించే మాట్లాడారు. వాటికి కావాల్సిన పదార్థాలు పెంచేదెవరు? ఆ చదువు చదివిన నాలాంటివాళ్లం ఇక్కడ స్టేటస్ కాల్స్‌లో ఉన్నాం మరి!

వాడికి మాత్రం మెటలర్జీలోనే ఉండమని చెప్పేశా. మొదట్లో జీతం తక్కువుంటుందని కూడా చెప్పా, దాచలేదు. బాబాయికి ఇంకా చెప్పలేదు. తిట్లు ఖాయం.