"రెగ్యులరేనాండీ?"

ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో ఉద్యోగానికి వెళ్లినవాళ్ల సర్టిఫికెట్ తిరగేస్తూ అడిగే ప్రశ్న ఇది. అడిగేవాడికి ఒక్క క్షణం పని. జవాబు చెప్పేవాడికి అది మూడేళ్ల నిద్ర. "కాదండీ, ఆన్‌లైన్‌లో చేశాను" అనగానే ఆ కాగితాన్ని బల్ల మీద పక్కకు నెట్టే తీరు చూస్తే, మనిషి ఎదురుగా దొంగసొత్తు పెట్టాడేమో అనుకోవాలి. ఈ అవమానం చెయ్యడానికి ఎవరికీ హక్కు లేదు. అనుమతి పొందిన సంస్థ ఇచ్చిన దూరవిద్య డిగ్రీ అయినా, ఆన్‌లైన్ డిగ్రీ అయినా, కాలేజీకి వెళ్లి చదివినదానితో సమానమని విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2020 సెప్టెంబరు నిబంధనల్లో రాసింది. వినపడనివాళ్ల కోసం 2022 సెప్టెంబరులో మళ్లీ ప్రకటించింది. అయినా ఆ ప్రశ్న ఆగలేదు.

ఈ చదువు ఎవరు చదువుతున్నారో ఆ బల్ల వెనక కూర్చున్నవాళ్లు ఒక్కసారి వచ్చి చూడాలి. కైకలూరు, ఆకివీడు వైపు చేపల చెరువు పట్టుబడి చాలాసార్లు రాత్రిపూటే మొదలవుతుంది. వల లాగాలి, కాటా వెయ్యాలి, ఐసు కొట్టి పెట్టెలు సర్దాలి, లారీ కదలాలి. కాటా దగ్గర లెక్క రాసే గుమస్తా కుర్రాడికి ఇంటర్ దాకా చదువుంది. ఇంటర్ తర్వాత తండ్రి ఒంట్లో బాగోక మానేశాడు. పొద్దున్న ఇంటికెళ్లి పడుకోవలసిన వేళ ఫోన్ తెరిచి కామర్స్ పాఠం వింటాడు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో కొట్టు చూసే మనిషి, ఏలూరు పవరుపేటలో బట్టల షాపు మూసేదాకా నిలబడే అమ్మాయి, రొయ్యల షెడ్డులో తలలు తీసి వచ్చి పిల్లల్ని పడుకోబెట్టాక పుస్తకం పట్టే తల్లి, వీళ్లందరిదీ ఇదే కథ. తండ్రి సొమ్ముతో పగలంతా క్లాసులో కూర్చుని తెచ్చుకున్న డిగ్రీ గొప్పదీ, వీళ్ల డిగ్రీ తక్కువదీ ఎలా అయింది? నన్నడిగితే వీళ్లకే పది మార్కులు ఎక్కువ వెయ్యాలి.

పని చేసుకునేవాడికి డిగ్రీ ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత. ఆ బాధ్యతను మన పాలకులు అమ్మకందార్ల చేతిలో పెట్టి చేతులు దులుపుకున్నారు. నా కోపమంతా దాని మీదే.

ఒకప్పుడు ఇలా లేదు. దేశంలోనే మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది మన తెలుగు నేల మీద, 1982లో, ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ పేరుతో. ఢిల్లీలో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అదే ఇగ్నో, వచ్చింది ఆ తర్వాత మూడేళ్లకు. ఇక్కడ మొదటి వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన జి. రాంరెడ్డి గారినే అక్కడా మొదటి వైస్ ఛాన్సలర్‌గా తీసుకెళ్లారు. అంటే దేశానికి దారి చూపించింది మనం. ఇంటర్ లేనివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే తలుపు తీసింది ఆ విశ్వవిద్యాలయం. 1991లో దానికి అంబేడ్కర్ పేరు పెట్టారు. ఆకాశవాణిలో పాఠాలు, ఆదివారం పూట స్టడీ సెంటర్లో క్లాసులు, అన్నిటికీ మించి తెలుగులో పుస్తకాలు. గ్రూప్స్‌కు చదివే ఏ కుర్రాణ్ణయినా అడగండి, అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ పుస్తకాలు తన బల్ల మీద ఉన్నాయో లేదో చెబుతాడు. అక్కడ చేరనివాళ్లు కూడా కొనుక్కుని చదివిన పుస్తకాలవి.

2014లో రాష్ట్రం విడిపోయింది. విభజన చట్టంలో ఉమ్మడి సంస్థలను చూపే పదో షెడ్యూల్లో ఆ విశ్వవిద్యాలయం పేరు చేరింది. భవనం హైదరాబాద్‌లో ఉండిపోయింది. సరే, ఆస్తుల పంచాయితీ తేలదు, ఒప్పుకుంటాను. కానీ ఆంధ్రప్రదేశ్‌కు సొంత ఓపెన్ యూనివర్సిటీ కట్టుకోవడానికి ఏం అడ్డం వచ్చింది? పదేళ్లు పోయినా రాలేదు. ఆ పదేళ్లలో రెండు పార్టీలు ఏలాయి. తాడేపల్లిగూడేనికి 2015లో ఎన్ఐటీ వచ్చింది, సంతోషం. పక్కనే వెంకట్రామన్నగూడెంలో 2007 నుంచీ ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, అదీ సంతోషమే. ఆ గేట్ల ముందు టీ కొట్టు పెట్టుకున్నవాడి చదువు మాత్రం ఎవరి మేనిఫెస్టోలోనూ కనపడదు. ఆంధ్రా యూనివర్సిటీ 1972 నుంచి దూరవిద్య నడుపుతోంది, నాగార్జున కూడా నడుపుతోంది. అవి పగటి విద్యార్థుల కోసం పుట్టిన సంస్థలు. పని మనిషి చదువు వాటికి పక్క పని.

ఈ ఖాళీలోకి ఎవరొచ్చారో మన ఫోన్లే చెబుతాయి. యూజీసీ నిబంధన ప్రకారం ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం దూరవిద్యను తన రాష్ట్రం సరిహద్దు దాటించకూడదు. ఆన్‌లైన్ చదువుకు ఆ హద్దు లేదు. కాబట్టి ఎక్కడో ఉత్తరాదిలో ఉన్న ప్రైవేటు యూనివర్సిటీ ముదినేపల్లిలో ఉన్న ఫోన్‌లోకి సునాయాసంగా దూరిపోతుంది. ప్రకటనలో మన నంబరు నొక్కామా, గంటలో "కౌన్సెలర్" ఫోన్ చేస్తాడు. "మేడమ్, సీట్లు అయిపోతున్నాయండీ, వాయిదాల్లో కట్టచ్చండీ" అంటాడు. మూడేళ్ల డిగ్రీకి అప్పు కూడా అతనే ఇప్పిస్తాడు. పాఠం అర్థం కాలేదంటే మాత్రం ఆ ఫోన్ ఎత్తడు. డిగ్రీలు ఫ్రాంచైజీకి ఇవ్వకూడదని యూజీసీ 2022 జనవరిలో హెచ్చరించినా, కమీషన్ మీద బతికే గొంతు ఇప్పటికీ ఆగలేదు.

వీళ్లకంటే హీనులు మరికొందరున్నారు: "ఒకే సిట్టింగ్‌లో డిగ్రీ" అని బస్టాండు గోడలకు కాగితాలు అంటించేవాళ్లు. కష్టపడి చదివినవాడి సర్టిఫికెట్ మీద అనుమానం పడేలా చేసింది వీళ్లే. వీళ్లను జైల్లో పెట్టకుండా, నిజంగా చదివినవాడిని అనుమానించే అధికారులంటే నాకు అసహ్యం. చేరబోయే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. 2024 నుంచి దూరవిద్యలో చేరాలన్నా, ఆన్‌లైన్‌లో చేరాలన్నా యూజీసీ దూరవిద్యా విభాగం ఇచ్చే డెబ్ ఐడీ తప్పనిసరి. అది మీ చేత్తో మీరే తీసుకోండి, ఏజెంటుకు ఇవ్వకండి. ఆ కోర్సుకు ఆ ఏడాది అనుమతి ఉందో లేదో యూజీసీ జాబితాలో చూశాకే రూపాయి కట్టండి. దూరవిద్యలో బీటెక్ ఇస్తామంటే అక్కణ్ణుంచి లేచి వచ్చెయ్యండి. అలా ఇచ్చిన డిగ్రీల మీద 2017 నవంబరులోనే సుప్రీంకోర్టు వేటు వేసింది.

ఇక భాష. 2021–22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ అంటే ఇంగ్లీషు మీడియమే అన్నారు. కాలేజీలో ఉన్న పిల్లకు పక్కన లెక్చరర్ ఉంటారు, తోటి పిల్లలుంటారు. రాత్రి పదకొండింటికి ఒంటరిగా వీడియో చూసే ఆవిడకు ఎవరున్నారు? పదిహేనేళ్ల కిందట తెలుగులో ఇంటర్ పాసైన మనిషికి ఆర్థికశాస్త్రం పాఠం ఢిల్లీ యాసలో చెబితే ఆవిడ మానేస్తుంది. మానేశాక "శ్రద్ధ లేదు" అంటారు. శ్రద్ధ లేనిది పాఠం తయారుచేసినవాళ్లకు.

అందుకని అడుగుతున్నాను. మా ప్రాంతానికి కొత్త భవనాలు అక్కర్లేదు. కైకలూరు, గూడెం ప్రభుత్వ డిగ్రీ కళాశాలలు ఆదివారం తాళాలు వేసి ఉంటాయి, వాటిని తెరవండి. ఏలూరులో 1945 నుంచి ఉన్న సి.ఆర్. రెడ్డి కళాశాల లాంటివాటిని కలుపుకోండి. పాఠం ఫోన్‌లో తెలుగులో ఉండాలి, సందేహం తీర్చడానికి వారానికోసారి మనిషి ఎదురుగా ఉండాలి, ఫీజు నెల కూలిలో భరించేలా ఉండాలి. పరీక్షల తేదీలు వేసేవాళ్లు కొల్లేరును ఒకసారి చూసి వెయ్యాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు కొల్లేట్లోకి వచ్చిపడినప్పుడు లంక గ్రామాల దారులు మునిగాయి. అలాంటి వారంలో పరీక్ష పెట్టి, రాలేకపోయినవాడి చేత మళ్లీ ఫీజు కట్టించుకోవడం దోపిడీ. వరద వచ్చిన మండలానికి ఇంకో తేదీ, అదే ఫీజు మీద, అడగకుండానే ఇవ్వాలి. పని మానుకుని వచ్చి పరీక్ష రాసినవాడికి ఆ రోజు జీతం కోయకూడదని జీవో తెండి. మంత్రులు ఎవరైనా సరే, ఈ ఏడాదిలోనే తెండి.